రెండో మెట్టు

"మీ స్టిక్కర్ చూసి నమ్మాను. నాలుగు రోజులు చల్లార్చాను. ఇప్పుడు కారుతోంది," అంటూ రాగి డబ్బాని ఆమె బల్ల మీద పెట్టాను. పెట్టాను అన్నది మర్యాద కోసం రాస్తున్న మాట. ఆ చప్పుడుకి కారిడార్ చివర కూర్చున్న గుమాస్తా లేచి చూశాడు.

డబ్బాలకి లీకులు పరీక్షించే వాక్యూమ్ సెక్షన్ అమ్మాయి తలెత్తలేదు. చేతిలో ఉన్న రబ్బరు రింగుని వెలుతురుకి పెట్టి ఒక చుట్టు చూసి, పక్కన పెట్టి, అప్పుడు అడిగింది.

"ఎన్ని డిగ్రీల దగ్గర కారింది?"

"రెండు డిగ్రీల కింద. మైనస్ రెండొందల డెబ్భై ఒకటి అనుకోండి."

ఆమె గోడ మీద థర్మామీటర్ వైపు చూపుడువేలు చూపించింది. "ఇక్కడ ఎంతుందో చదవండి."

"ఇరవై అయిదు."

"ఇరవై అయిదు దగ్గర కారదని రాసిచ్చాను. మీరు ఇరవై అయిదు దగ్గర ప్రయోగం చేసుకోండి, ఇప్పటికీ కారదు."

"అప్పుడది ప్రయోగం కాదండీ, పేపర్ వెయిట్."

"స్టిక్కర్ వేసింది నేను. మూత బిగించింది ఎవరు?"

నేను థర్మామీటర్‌నే మళ్లీ చదివాను.

"ఆడలేక మద్దెల ఓడందట వెనకటికి ఒకావిడ," అని, డబ్బా దగ్గరికి లాక్కుని, "రేపు రండి. చప్పుడు చేయకుండా రండి," అంది.

మా ల్యాబుల్లో ఆమెని వెనక 'లీకు డాక్టర్' అంటారు. ఎదురుగా ఏమీ అనరు. ఎందుకో ఆ రోజు తెలిసింది.

ఇక్కడ కాస్త ఆగి నా చదువు గురించి చెప్పాలి. భయపడకండి, ఇంట్లోవాళ్లకి అర్థం కాకుండా ఆరేళ్లు చెప్పిన అనుభవం నాకుంది. హీలియం అంటే బెలూన్లలో నింపే వాయువు. చల్లారుస్తూ పోతే ద్రవం అవుతుంది. ఇంకా చల్లార్చి, ఇంతకు మించిన చలి సృష్టిలోనే లేదు అనే చోటికి రెండు డిగ్రీల దూరానికి తెస్తే, దానికి సిగ్గూ శరమూ రెండూ పోతాయి. గ్లాసులో పోస్తే గ్లాసులో ఉండదు. కంటికి కనపడనంత పల్చటి పొరగా గోడకి అంటుకుని, ఎవరూ పిలవకుండానే పైకి పాకి, అంచు దాటి, బయటివైపు దిగి, అడుగు నుంచి చుక్కలు చుక్కలుగా రాలిపోతుంది. కాసేపటికి గ్లాసు ఖాళీ. ఆ పొరకి రాపిడి అంటే ఏమిటో తెలియదు. గాలి దూరలేని సందులోంచి కూడా హాయిగా నడిచి వెళ్లిపోతుంది. దీన్నే సూపర్‌ఫ్లూయిడ్ అంటారు.

ఇదంతా శ్రద్ధగా విని మా అక్క, "ఆదివారం మీ బావకి ఏదైనా పని చెప్పి చూడు, ఇంతే," అంది. నేను వాళ్లింట్లోనే ఉంటున్నాను. బావ ఈ మాట వినలేదు, అప్పటికే ఇంట్లో లేడు.

నా ప్రయోగంలో బంగారు పూత పూసిన క్వార్ట్జ్ బిళ్ల ఒకటి రాగి డబ్బాలో కూర్చుని సెకనుకి యాభై లక్షలసార్లు వణుకుతూ ఉంటుంది. దాని మీద మూడు నాలుగు అణువుల మందాన హీలియం పొర పరుస్తాను. మామూలుగా ఆ పొర కూడా బిళ్లతోపాటు ఊగుతుంది. బాగా చల్లబడి సూపర్‌ఫ్లూయిడ్ కాగానే ఊగడం మానేసి నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటుంది. బిళ్లకి మోసే బరువు తగ్గి, వణుకు వేగం పెరుగుతుంది. గ్రాఫులో అది ఒక మెట్టులా కనపడుతుంది.

అందరికీ ఒక మెట్టు వస్తుంది. నాకు రెండు వచ్చాయి. అందరికీ వచ్చేదానికంటే కాస్త ముందే ఇంకో చిన్న మెట్టు. ముందొచ్చినా దాన్ని మేం రెండోది అనే పిలుచుకున్నాం, ఎందుకంటే అది మా సొంతం.

రెండో మెట్టు అంటే కొత్త విషయం. కొత్త విషయం అంటే థీసిస్, ఆ తర్వాత ఉద్యోగం, ఆ తర్వాత అక్క ఇంటి హాల్లో సోఫా మీంచి లేచి సొంత గదిలో పడుకునే యోగం. ఆ గ్రాఫు చూపించిన రోజు నుంచి మా గైడ్ నన్ను పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టారు. అంతకుముందు ఆరేళ్లూ 'ఏమయ్యా'తో సరిపెట్టారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆ మెట్టుకి తన ఇంటిపేరు కలిసొచ్చేలా ఒక పేరు కూడా ఆలోచించి పెట్టుకున్నారు.

మూడు వారాల్లో పెద్ద సభ ఉంది. దానికి ముందు క్రయోస్టాట్, అంటే మా చల్లార్చే యంత్రం, నాకు ఇంకో రెండుసార్లు మాత్రమే దొరుకుతుంది. తర్వాత పక్క గ్రూపు వాళ్లు తీసేసుకుంటారు. ఇలాంటి సమయంలో డబ్బా కారింది.

మర్నాడు చప్పుడు చేయకుండానే వెళ్లాను. డబ్బా మైక్రోస్కోప్ కింద ఉంది.

"మూత కింద పాత ఇండియం తీగని దేంతో గీకారు?" అంది. ఇండియం అంటే మెత్తటి లోహం, మూతకీ డబ్బాకీ మధ్య నలిగి సందు మూస్తుంది.

"ప్లాస్టిక్ పుల్లతో."

"ప్లాస్టిక్ పుల్ల రాగిని గీస్తుందా?"

"స్క్రూడ్రైవర్‌తో," అన్నాను.

"ఇక్కడికొచ్చే వాళ్లంతా ముందు ప్లాస్టిక్ పుల్ల అనే అంటారు. మీరు రెండో ప్రశ్నకే ఒప్పేసుకున్నారు. పర్లేదు, బాగుపడే అవకాశం ఉంది."

మైక్రోస్కోప్‌కి చూసే గొట్టాలు రెండుంటాయి. ఒక దాంట్లో తను చూస్తూ రెండోది నాకు వదిలింది. తీగ కూర్చునే గాడిలో వెంట్రుక లాంటి గీత కనపడింది. ఆ గీతలోంచే నా హీలియం షికారుకి పోయింది. మా ఇద్దరి చెంపల మధ్య అంగుళం దూరం ఉంది. పక్క బల్ల మీద ఇంకో మైక్రోస్కోప్ ఖాళీగానే ఉంది. ఆ సంగతి మా ఇద్దరిలో ఎవరికీ గుర్తు రాలేదు.

గాడిని సానపట్టడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లో నేను వాక్యూమ్ సెక్షన్‌కి తొమ్మిదిసార్లు వెళ్లాను. ఒకసారి పట్టకారు కోసం, ఒకసారి ఆ పట్టకారు తిరిగివ్వడం కోసం, మిగతా ఏడుసార్లు కారణం ఆలోచించుకునే ఓపిక లేక ఊరికే.

తొమ్మిదోసారి ఆమె, "మంచి పనైంది, ఇటు రండి," అంది. నా ముఖం వెలిగి ఉండాలి. "బిళ్ల మీద ఈ గుట్టేంటి?"

ముఖం మామూలుగా అయింది. "వెండి పేస్టు. తీగ అంటించాను."

"ఒక చుక్క చాలదా?"

"ఒకసారి ఊడిపోయింది. భరోసాకి ఇంకో రెండు చుక్కలు వేశాను."

"ఎండిపోయి ఇసుక గుట్టలా తయారైంది. లోపలంతా సందులే. మీ హీలియం సందు కనపడితే ఊరుకునే రకమా? దీంట్లో దూరి మందంగా నిండిపోతుంది. మందంగా ఉన్నచోట ముందే సూపర్‌ఫ్లూయిడ్ అవుతుందని మొన్న మీరే చెప్పారు కదా, పల్చగా ఉన్నచోట తర్వాత అని." రెండు వేళ్లు చూపించింది. "రెండు చోట్లు. రెండు మెట్లు. ఈ గుట్ట తీసేసి ఒకసారి చూడండి."

ఆరేళ్లలో నాకు తట్టనిది, మా గైడ్‌కి తట్టనిది, ఆమెకి ఒక్క చూపులో తట్టింది. మంచివాడైతే ఆ మాటే అనేవాడు. నేనేమన్నానంటే...

"కందకి లేని దురద కత్తిపీటకెందుకండీ. మీరు లీకులు చూడండి. ఫిజిక్స్ మేం చూసుకుంటాం."

ఆమె మైక్రోస్కోప్ దీపం ఆపేసింది. "సరే. శుక్రవారం స్టిక్కర్ వేసిస్తాను," అంది. ఆ గొంతులో వెటకారం లేదు. అప్పటిదాకా వెటకారంగానే మాట్లాడిందని, అది నాకెంతో నచ్చిందని అప్పుడు తెలిసొచ్చింది.

శుక్రవారం డబ్బా గుమాస్తా చేతికిచ్చి పంపింది. స్టిక్కర్ తిన్నగా అంటించి ఉంది.

డబ్బా కారలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం కిటికీ అవతల వాన, ఇవతల గ్రాఫులో రెండు మెట్లు, ముత్యాల్లాంటివి. మా గైడ్ వచ్చి చూసి నా భుజం తట్టారు. ఆయన చేయి అంత బరువుంటుందని నాకు ఆరేళ్లుగా తెలియదు.

ఆయన వెళ్లాక ఎందుకో చేయి ఊరుకోలేదు. హీలియం కొంత తోడేసి పొరని పల్చన చేశాను. పల్చబడితే మెట్టు ఇంకా చల్లటి వైపుకి జరగాలి. అసలు మెట్టు బుద్ధిమంతురాలిలా జరిగింది. రెండోది ఉన్నచోట నుంచి కదల్లేదు. ఇంకొంచెం తోడాను. ఊహూ. నేను బంగారం మీద ఎంత పొర పరిచానో దానికి పట్టనే లేదు. దాని కాపురం వేరేచోట ఉంది. ఎక్కడుందో నాకు ఒకరు ముందే చెప్పారు కూడా.

ఆ రెండో గ్రాఫుని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాను. మింగలేను, కక్కలేను. సభలో మొదటి గ్రాఫు చూపిస్తే చాలు, ఎవరికీ తెలియదు. తెలిసిన మనిషి ఒక్కతే, ఆమెతో నాకు మాటల్లేవు.

మర్నాడు కారిడార్లో మా గైడ్ ఎదురుపడ్డారు. "వాక్యూమ్ సెక్షన్ అమ్మాయి వచ్చిందయ్యా నిన్న. నీ ప్రయోగం గురించే. ఏంటి సంగతి?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నా చేయి జేబు మీదికి పోయింది. ఏదో గొణిగి, ఆవరణ దాటి అవతలి భవనానికి పరిగెత్తాను. వాన కుండపోతగా ఉంది. గొడుగు సంగతి ఆమె గది గుమ్మంలో నిలబడ్డాక గుర్తొచ్చింది.

"నా మీద గైడ్‌కి చాడీలు చెప్పారా?"

"అక్కడే నిలబడండి. కారుతున్నారు," అంది. "నేల తుడుచుకోవాల్సింది నేనే."

"చెప్పారా, లేదా?"

ఆమె సొరుగు తీసి చిన్న ప్లాస్టిక్ పెట్టె ఒకటి బల్ల మీద పెట్టింది. లోపల చిటికెన వేలి గోరంత క్లిప్పు. పేస్టు అవసరం లేకుండా బిళ్ల అంచుని రెండువైపులా పట్టుకునే స్ప్రింగు రేకు.

"ఈ రేకు స్టోర్లో గైడ్ సంతకం లేకుండా ఇవ్వరు. సంతకం అడిగాను. మీ ప్రయోగానికి స్ప్రింగు చేయాలన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. రెండో మెట్టు గురించి పావుగంట చెప్పారు, నిలబడి విన్నాను. నాలుగు క్లిప్పులు చేశాను, మూడు విరిగాయి. ఇది మిగిలింది."

నా తల మీంచి నీళ్లు కారుతున్నాయి. లోపల ఇంకేదో కూడా కారిపోయింది, బహుశా పొగరు.

"నేనంత మాటన్నాక ఇదెందుకు చేశారు?"

"కోపం రాలేదనుకోకండి. మీ డబ్బా చూసి రెండు రోజులు పళ్లు నూరాను. కానీ నా స్టిక్కర్ వేసిన డబ్బాలోంచి అబద్ధం బయటికి రావడం నాకు ఇష్టం లేదు."

తడిసిన జేబులోంచి గ్రాఫు తీసి ఆమె ముందు విప్పాను. సిరా కొంచెం పాకింది కానీ మెట్లు తెలుస్తున్నాయి. కదిలినది, కదలనిది. ఆమె చాలాసేపు చూసింది.

"మీరు చెప్పిందే నిజమనుకుంటాను. ఇది ఎవరికీ చూపించలేదు," అన్నాను. "ఆ రోజు తప్పుగా మాట్లాడాను. కందా నేనే, కత్తిపీటా నేనే."

"దురద కూడా మీదే," అంది. వెటకారం తిరిగొచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆఖరిసారి చల్లార్చడం అది. పేస్టు గీకేశాం, ఈసారి నిజంగానే ప్లాస్టిక్ పుల్లతో. క్లిప్పు పెట్టింది తనే. నా స్క్రూడ్రైవర్ సంగతి తెలుసు కనక నన్ను బల్లకి మూడడుగుల దూరంలో నిలబెట్టింది.

నాలుగో రోజు పదకొండింటికే ఆమె వచ్చేసింది. "నా క్లిప్పు ఎలా ఉందో చూసిపోతాను," అని స్టూలు మీద కూర్చుంది. డబ్బాలో ఉన్న క్లిప్పు స్టూలు మీంచి ఎలా కనపడుతుందని నేను అడగలేదు. ఈమధ్య కాస్త బుద్ధొచ్చింది.

మధ్యాహ్నం రెండింటికి రెండో మెట్టు రావాల్సిన చోటు వచ్చింది. గీత నున్నగా సాగిపోయింది. ఇంకాస్త చల్లబడ్డాక అందరికీ వచ్చే మెట్టు వచ్చింది, ఒకే ఒక్కటి, శుభ్రంగా.

"తొందరపడకు," అంది ఆమె. "ఇంకోసారి వేడెక్కించి మళ్లీ చూద్దాం. వస్తుందేమో."

రాదని అందరికంటే ముందు తెలిసిన మనిషి ఆ మాటంది. మళ్లీ చూశాం. రాలేదు. మూడోసారీ చూశాం. రాలేదు. ఆరేళ్ల కష్టం రెండు చుక్కల వెండి పేస్టు అని తేలిపోయింది. నాకు ఏడుపొచ్చింది. మగాడిని, శాస్త్రవేత్తని, అయినా కొద్దిగా ఏడ్చాను. ఆమె గ్రాఫు వైపే చూస్తూ కూర్చుంది, నాకు కళ్లు తుడుచుకునే వ్యవధి ఇవ్వడానికి.

తర్వాత, "పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా నువ్వు?" అంది.

లేదన్నాను. సంచిలోంచి రొట్టె తీసి సగం తుంచి ఇచ్చింది. తింటూ, పోయిన మెట్టు గురించి బాధపడాల్సిన మనిషిని, 'మీరు' పోయి 'నువ్వు' ఎప్పుడొచ్చిందా అని వెనక్కి లెక్కేసుకుంటూ కూర్చున్నాను. ఆమె మీద నాకున్నది ప్రేమ అని, అది చాలా రోజుల నుంచి ఉందని, ఇంక ఏ పరీక్షా అక్కర్లేదని ఆ రొట్టె ముక్క దగ్గర తెలిసింది.

మా గైడ్ మూడు గ్రాఫుల్నీ పక్కపక్కన పెట్టుకుని చూశారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్లీ చూశారు.

"ఇది ఎవరెవరికి తెలుసు?"

"నాకూ, వాక్యూమ్ సెక్షన్ ఆవిడకీ సార్."

"సభ అయ్యాక తీరిగ్గా చూసుకుంటే?"

"సభలోనే చెబుతాను సార్."

"ఏమయ్యా, నీ థీసిస్ ఇంకో ఏడాది వెనక్కి పోతుంది తెలుసా?"

తెలుసన్నాను. ఆయన మూడు గ్రాఫుల్నీ నా చేతికిచ్చి, "సరే, చెప్పు. నా పేరు మాత్రం చిన్నక్షరాల్లో వెయ్యి," అన్నారు.

సభలో పన్నెండు నిమిషాలు మాట్లాడాను. వెండి పేస్టు గుట్ట ఫొటో తెర మీదికి రాగానే కొందరు నవ్వారు. నవ్వనివాళ్లు కూడా కొందరున్నారు, వాళ్లు గబగబా రాసుకున్నారు. తర్వాత కాఫీ దగ్గర ముగ్గురు నన్ను పక్కకి పిలిచి, గొంతు తగ్గించి, ఆ క్లిప్పు కొలతలు అడిగారు. మెట్టు గురించి ఎవరూ అడగలేదు.

తిరిగొచ్చాక మా గైడ్ దాన్ని చిన్న పేపర్‌గా రాయమన్నారు. రాశాను. మొదటి పేజీ చూసి ఆయన కనుబొమలు పైకెగిరాయి.

"టెక్నీషియన్ల పేర్లు ఆఖర్న కృతజ్ఞతల్లో రాస్తారయ్యా. నువ్వేమో మొట్టమొదట పెట్టావు."

"తలుపు తీసిపట్టుకున్నవాళ్లకి కృతజ్ఞతలు చెబుతారు సార్. దీన్ని కనిపెట్టింది ఆవిడ."

"మొదటి పేరు నీది కాకపోతే ఇది నీ థీసిస్‌లో పనికిరాదు."

"వేరే పని చేసుకుంటాను సార్. ఎలాగూ ఏడాది ఉంది కదా."

ఆయన తిట్టాలా వద్దా అని ఆలోచించుకుంటుండగా కాగితాలు తీసుకుని బయటపడ్డాను.

ఆమె నిలబడే చదివింది. మొదటి పేజీ దగ్గర చాలాసేపు ఆగింది. తర్వాత కూర్చుని మళ్లీ మొదటి నుంచి చదివింది.

"నా పేరు ముందుంది."

"అవును."

"ఇంతవరకు నా పేరు స్టిక్కర్ మీద తప్ప ఎక్కడా అచ్చవలేదు." కాగితాలు బల్ల మీద పెట్టింది. "ఇలా అయితే నీకిది లెక్కలోకి రాదు కదా."

"రాదు. పర్లేదు. ఊరికే, చదివి తప్పులుంటే చెబుతావని..."

"చల్లకొచ్చి ముంత దాచకు. ఎందుకొచ్చావో అది చెప్పు."

ఆరేళ్లుగా ప్రతిదానికీ వెటకారం చేసి బతికినవాణ్ని. ఆ క్షణంలో ఒక్కటీ దొరకలేదు.

"నువ్వంటే నాకు చాలా ఇష్టం. పెళ్లి చేసుకుందామని అడగడానికొచ్చాను. థీసిస్ లేదు, ఉద్యోగం లేదు, అక్క ఇంట్లో సోఫా ఉంది. కాదంటే ఈ పేపర్ మీద నీ పేరు మారదు, అది నీదే."

ఆమె పెన్ను తీసింది. మొదటి పేజీలో మా ఇద్దరి పేర్ల మీదా ఒక వంకర బాణం గీసి, నాది ముందుకీ తనది వెనక్కీ మార్చింది.

"దీని మీద నీ పేరే ముందుండాలి. ఏడాది పోగొట్టుకున్నది నువ్వు," అంది. "శుభలేఖ మీద నాది ముందు వేయించు."

అర్థం కావడానికి నాకు కొంత సమయం పట్టింది. అయ్యాక నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "మీ నాన్నగారు ఒప్పుకుంటారా?"

"ఆయనకి పోయిన నెలే చెప్పాను."

"ఏమన్నారు?"

"ఆ అబ్బాయికి తెలుసా అని అడిగారు."